మధుమేహము : బీటా కణముల బ్రతుకు పోరాటము

మధుమేహము అనగానే అందరికి చక్కెర జ్ఞప్తికి వచ్చును. రక్తములో చక్కెర ఎంత ఉన్నది? కాఫీలో పంచదార వేసికొనవచ్చునా? మామిడిపండు తినవచ్చునా? ఇంటింట వినబడు ప్రశ్నలు ఇవియే. కాని రక్తములో పెరిగిన చక్కెర రోగమునకు గుర్తు మాత్రమే. పొగను చూచినవాడు నిప్పు ఎచ్చట ఉన్నదో వెదకవలెను గదా! మధుమేహములో ఆ నిప్పు కొంతవరకు కండరములలోను, కాలేయములోను ఉండవచ్చును; కాని దాని ముఖ్యస్థానము క్లోమగ్రంథిలోని బీటా కణములు. అవి ఎన్ని మిగిలియున్నవి, మిగిలినవి ఏ స్థితిలో ఉన్నవి అను విషయము మీదనే రోగి భవిష్యత్తు చాలవరకు ఆధారపడియుండును.

ఈ సమస్య మనకు దూరమైనది కాదు. భారత వైద్య పరిశోధన మండలి పక్షమున దేశమంతట జరిగిన సర్వే ఫలితములు 2023లో వెలువడినవి. వాని ప్రకారము మన దేశములో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహము కలదు. మరి 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారు. ఈ అంచున ఉన్నవారి బీటా కణములలో ఏమి జరుగుచున్నదో తెలిసికొనుట అందుచే మిక్కిలి అవసరము.

పుటికలలోని చిన్న కర్మాగారము

క్లోమగ్రంథి జీర్ణాశయమునకు వెనుక అడ్డముగా పరుండియుండును. అందులో చాల భాగము ఆహారమును జీర్ణము చేయు రసములను తయారు చేయును. 1869లో బెర్లినులో వైద్యవిద్యార్థిగా ఉన్న పాల్ లాంగర్‌హాన్స్ ఈ గ్రంథిని సూక్ష్మదర్శినిలో పరీక్షించుచు, అక్కడక్కడ దీవులవలె విడిగా కనబడు కణముల గుంపులను చూచెను. అవి ఏ పని చేయునో ఆయనకు తెలియలేదు. వానికే తరువాత లాంగర్‌హాన్స్ పుటికలు అని పేరు వచ్చినది.

1889లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక కుక్కకు క్లోమమును పూర్తిగా తీసివేసిరి. ఆ కుక్కకు మధుమేహము వచ్చెను. క్లోమమునకు చక్కెరతో సంబంధము కలదని దీనితో తేలినది. 1921లో కెనడాలోని టొరాంటో నగరమున బాంటింగు, బెస్టు, కాలిప్, మెక్లియాడ్ అనువారు పుటికలు స్రవించు ఇన్సులిన్‌ను వేరుచేసి సాధించిరి. 1922 జనవరిలో మొట్టమొదటిసారిగా ఒక 14 ఏండ్ల బాలునికి దానిని సూదిమందుగా ఇచ్చిరి. అంతవరకు మరణము తప్పదనుకొన్న రోగులు బ్రతుకసాగిరి.

మనుష్యుని క్లోమములో సుమారు 10 లక్షల పుటికలు ఉండును. అయినను వాని మొత్తపు బరువు గ్రంథి బరువులో నూటికి ఒకటి రెండు పాళ్ళు మాత్రమే. ఈ పుటికలలో ఎక్కువ భాగము బీటా కణములు. ఇన్సులిన్‌ను తయారు చేసి రక్తములోనికి విడుదల చేయునవి ఇవియే. అనగా ఒక మనుష్యుని శరీరమంతటి చక్కెర లెక్కను చూచు కణములన్నియు కలిపి తూచినను సుమారు ఒక గ్రాము మాత్రమే తూగును!

ఇంకొక సంగతి గమనింపదగినది. చర్మము గీరుకొనిపోయినచో కొన్ని దినములలో క్రొత్త చర్మము వచ్చును. కాలేయములో కొంత భాగమును తీసివేసినను అది మరల పెరుగును. బీటా కణముల విషయము అట్లు కాదు. అవి బాల్యములో వృద్ధిపొందును. ముప్పది ఏండ్లు దాటిన తరువాత క్రొత్తవి పుట్టుట చాల అరుదు. కావున ఉన్న కణమును కాపాడుకొనుటయే శరీరమునకు ముఖ్యమైన ఆధారము.

కణమునకు చక్కెర సంగతి ఎట్లు తెలియును?

భోజనము చేసిన తరువాత రక్తములో గ్లూకోజు పెరుగును. అది బీటా కణములోనికి ప్రవేశించి, మైటోకాండ్రియాలలో దహనము చెంది శక్తినిచ్చును. ఈ శక్తి ఎ.టి.పి. అను పదార్థములో నిలువచేయబడును. ఈ ఎ.టి.పి.ని 1929లో జర్మనీలో లోమాన్, అమెరికాలోని హార్వర్డులో ఫిస్కే, సుబ్బారావు వేర్వేరుగా కనుగొనిరి. ఈ సుబ్బారావు భీమవరములో 1895లో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారే.

కణములో ఎ.టి.పి. పెరిగినప్పుడు కణపు పొరలోని పొటాషియము ద్వారములు మూసికొనును. అందువలన పొరకు ఇరువైపుల ఉన్న విద్యుత్ భేదము మారి, కాల్షియము ద్వారములు తెరచుకొనును. కాల్షియము లోనికి రాగానే, ఇన్సులిన్‌తో నిండిన సంచులు కణపు పొరను చేరి తమ సరకును రక్తములోనికి కుమ్మరించును. ఇదంతయు కొద్ది నిమిషములలోనే జరిగిపోవును. ఖాళీ అయిన సంచులకు బదులు క్రొత్త సంచులు నిండవలెను. కష్టమంతయు ఇచ్చటనే ఉన్నది.

పదునైదింటిలో ఒక్కటే సరియైన మడత

ఇన్సులిన్ ఒక ప్రోటీను. ఎమైనో ఆమ్లములను పూసలవలె వరుసగా గ్రుచ్చగా ప్రోటీను ఏర్పడును. ఇన్సులిన్‌లో 21 పూసల గొలుసు ఒకటి, 30 పూసల గొలుసు మరియొకటి, మొత్తము 51 పూసలు కలవని ఫ్రెడరిక్ సాంగర్ నిరూపించి, 1958లో నోబెల్ బహుమతి పొందెను. కాని కణము ఈ రెండు గొలుసులను విడివిడిగా తయారు చేయదు. 1967లో డోనాల్డ్ స్టైనర్ అను అమెరికన్ శాస్త్రజ్ఞుడు కనుగొన్న ప్రకారము, మొదట 86 పూసలు గల ఒకే పొడుగు గొలుసు ఏర్పడును. దానికి ప్రోఇన్సులిన్ అని పేరు. అది సరిగా మడతపడిన తరువాత నడుమ భాగమును కత్తిరించివేయగా ఇన్సులిన్ మిగులును.

ఈ మడతపడుటలోనే చిక్కున్నది. ప్రోఇన్సులిన్ గొలుసులో గంధకము గల పూసలు ఆరు ఉన్నవి. అవి రెండేసి చొప్పున జతకట్టి మూడు గంధక బంధములుగా ఏర్పడవలెను. ఏ పూస దేనితోనైనను జతకట్టవచ్చుననుకొన్నచో, ఎన్ని విధములుగా జతలు ఏర్పడును? విద్యార్థులు దీనిని లెక్కకట్టి చూడవచ్చును. మొదటి పూసకు జత దొరకుటకు 5 అవకాశములు కలవు. ఆ జత పోగా మిగిలిన నాలుగింటిలో మొదటి పూసకు 3 అవకాశములు. చివర మిగిలిన రెండింటికి ఒక్కటే మార్గము. 5×3×1 = 15. ఈ పదునైదు విధములలో ఒక్కటి మాత్రమే ఇన్సులిన్‌గా పనికివచ్చును. తరగతిలో ఉపాధ్యాయుడు ఒక దారములో ఆరు రంగుపూసలు గ్రుచ్చి, వానిని జతలుగా కలిపి చూపినచో ఈ విషయము సులభముగా బోధపడును.

ఈ మడతల పని జరుగు స్థలము అంతర్జీవద్రవ్య జాలకము. కేంద్రకమును చుట్టి, గొట్టములవలెను, రేకులవలెను వ్యాపించియున్న పొరల అల్లికకు ఇది పేరు. దాని పైన అంటుకొనియున్న రైబోసోములు గొలుసును తయారు చేయుచు లోపలికి తోయును. లోపల తోడు ప్రోటీనులు కాచుకొనియుండి, గొలుసు చిక్కుపడకుండ పట్టుకొనును. కొన్ని ఎంజైములు తప్పుగా కలిసిన గంధక బంధములను విడదీసి మరల కలుపును.

గ్లూకోజు ఎక్కువగా ఉన్నప్పుడు ఒక్కొక్క బీటా కణము నిమిషమునకు 10 లక్షల వరకు ప్రోఇన్సులిన్ అణువులను తయారు చేయగలదని శాస్త్రజ్ఞుల అంచనా. ప్రతి అణువులోను మూడు బంధములు. ప్రతి బంధమును సరియైన చోటనే పడవలెను. ఇంతటి పనిలో కొన్ని అణువులు చెడిపోవుట సహజము. మంచి రోజులలో కణము వానిని ఏరి పారవేయును. పని మితిమీరినప్పుడు ఏమగును?

పెండ్లి వంటశాల

వంద మందికి వంట చేయుటకు ఏర్పాటైన పెండ్లివారి వంటశాలకు ఒక్కసారిగా మూడువందల మంది బంతికి వచ్చిరని అనుకొనుడు. తెలివిగల వంటపెద్ద ఏమి చేయును? మొదట, పొయ్యిమీద ఉన్న గుండిగలు దిగువరకు క్రొత్తగా బియ్యము పోయవద్దని చెప్పును. రెండవది, మరికొందరు వంటవాండ్రను పిలిపించి గాడిపొయ్యిని పొడిగించును. మూడవది, మాడిన అన్నమును, చెడిన కూరను వెంటనే బయట పారవేయించి చోటు చేయును.

కణము సరిగా ఈ మూడు పనులనే చేయును. జాలకములో సరిగా మడతపడని ప్రోటీనులు పేరుకొనిపోవు స్థితికి జాలకపు ఒత్తిడి అని పేరు. ఇది మనస్సునకు కలుగు ఆందోళన వంటిది కాదు. పనికిని, పని చేయు శక్తికిని పొందిక తప్పిన స్థితి. ఈ ఒత్తిడిని కనిపెట్టుటకు జాలకపు పొరలో మూడు కావలి ప్రోటీనులు ఉన్నవి. సామాన్యముగా బిప్ అను తోడు ప్రోటీను వీనిని అంటిపెట్టుకొని నిద్రపుచ్చుచుండును. చెడిన గొలుసులు ఎక్కువైనప్పుడు బిప్ వానిని పట్టుకొనుటకు వెళ్ళిపోవును. అప్పుడు కావలివాండ్రు మేల్కొందురు.

మొదటి కావలి పేరు పెర్క్. ఇది కణములో ప్రోటీనుల తయారీని మొత్తముగా తగ్గించివేయును. బియ్యము పోయవద్దని చెప్పుట ఇదియే. రెండవది ఐ.ఆర్.ఇ.-1, మూడవది ఎ.టి.ఎఫ్.-6. ఈ రెండును కేంద్రకమునకు కబురు పంపి, తోడు ప్రోటీనులకు సంబంధించిన జన్యువులను పని చేయించును, జాలకమును విస్తరింపజేయును, చెడిన ప్రోటీనులను బయటకు త్రోసి నాశనము చేయు ఏర్పాటును బలపరచును.

ఈ కబురు సంగతి మొదట బయటపడినది మనుష్యులలో కాదు, ఈస్టులో. 1993 ప్రాంతమున అమెరికాలో పీటర్ వాల్టర్, జపానీయుడైన కజుతోషి మోరి వేర్వేరుగా ఈస్టు కణములలో ఈ కావలి ప్రోటీనును కనుగొనిరి. రొట్టెలు పొంగించు ఈస్టులో కనబడిన ఏర్పాటు మనుష్యుని క్లోమములో కూడ పని చేయుచున్నది.

అయితే ఒత్తిడి ఎంతకును తగ్గకపోయినచో? అప్పుడు అదే పెర్క్ మార్గము చాప్ అను మరియొక ప్రోటీనును పుట్టించును. చాప్ చాలకాలము నిలిచియున్నచో కణము తన్ను తాను నాశనము చేసికొనుటకు సిద్ధపడును. ఈ స్వయంమరణమునకు ఏపోప్టోసిస్ అని పేరు. అనగా కణమును కాపాడుటకు మ్రోగిన గంటయే, ఆగకుండ మ్రోగినచో, దానికి మరణఘంట అగుచున్నది.

అకిటా ఎలుక చెప్పిన సాక్ష్యము

ఇదంతయు ఊహ కాదనుటకు ఋజువు ఏమి? జపానులో కనుగొన్న అకిటా ఎలుక మంచి ఋజువును ఇచ్చినది. ఈ జాతి ఎలుకలకు పుట్టిన కొన్ని వారములలోనే మధుమేహము వచ్చును. 1999లో శాస్త్రజ్ఞులు దాని కారణమును కనుగొనిరి. ఇన్సులిన్ జన్యువులో ఒక్క అక్షరము మారినది. అందుచే గంధకము గల ఆరు పూసలలో ఒకదాని స్థానమున గంధకము లేని పూస వచ్చి చేరినది. దానితో జతకట్టవలసిన పూస ఒంటరిగా మిగిలిపోయినది.

ఇందులో ఒక వింత కలదు. మనుష్యునికి ఇన్సులిన్ జన్యువు ఒకటి కాగా, ఎలుకకు రెండు కలవు. తల్లి నుండి ఒక ప్రతి, తండ్రి నుండి ఒక ప్రతి వచ్చును గనుక మొత్తము నాలుగు ప్రతులు. అకిటా ఎలుకలో వీనిలో ఒక్కటి మాత్రమే చెడినది; మూడు బాగుగనే ఉన్నవి. మూడువంతుల ఇన్సులిన్ చాలదా? చాలవలెను. అయినను రోగము వచ్చుచున్నది. కారణము ఏమనగా, ఇచ్చట ఇన్సులిన్ తక్కువగుట మొదటి లోపము కాదు. చెడిన ప్రోటీను జాలకములో పేరుకొని, మంచి ప్రోటీను మడతపడుటకు కూడ అడ్డు వచ్చుచున్నది. ఒక్క మాడిన గుండిగ వంటశాలనంతటిని పొగతో నింపినట్లు, ఒక్క చెడిన ప్రతి కణమునంతటిని ఒత్తిడికి గురిచేయుచున్నది.

శాస్త్రజ్ఞులు అంతటితో ఆగలేదు. ఒత్తిడి వలననే కణములు చచ్చుచున్నచో, చాప్‌ను తొలగించినప్పుడు వాని చావు ఆలస్యము కావలెను గదా? 2002లో జపాను శాస్త్రజ్ఞులు చాప్ జన్యువు లేని అకిటా ఎలుకలను పెంచి చూచిరి. ఒక్క చెడిన ప్రతి గల ఆ ఎలుకలలో మధుమేహము కొన్ని వారములు ఆలస్యముగా వచ్చెను. పూర్తిగా ఆగలేదు, కాని ఆలస్యమయ్యెను. చాప్ ఒక మార్గము మాత్రమేనని, చావునకు ఇతర మార్గములు కూడ కలవని దీనివలన తెలియుచున్నది.

మనుష్యులలో కూడ ఇట్టి సాక్ష్యములు కలవు. ఇన్సులిన్ జన్యువులో ఇటువంటి మార్పులు గల శిశువులకు పుట్టిన కొద్ది నెలలలోనే మధుమేహము వచ్చుచున్నదని 2007లో తెలిసినది. అంతకు ముందే, 1972లో వోల్కాట్, రాలిసన్ అను వైద్యులు ఒక అరుదైన వ్యాధిని వర్ణించిరి. అందులో పసితనముననే మధుమేహము వచ్చును. ఎముకలు సరిగా పెరుగవు. ఈ వ్యాధికి మూలము పెర్క్ జన్యువులోని లోపమని 2000లో తేలినది. తయారీని ఆపమని చెప్పు మొదటి కావలివాడు లేనందున, బీటా కణములు అదుపు లేక పని చేసి నశించుచున్నవి. పెర్క్ లేకపోయినను ముప్పే. దాని కబురు ఎడతెగక సాగినను ముప్పే! కణమునకు కావలసినది సమయమునకు మ్రోగి, సమయమునకు ఆగు గంట.

రెండు మధుమేహములు, ఒక్క బాధితుడు

మధుమేహములలో ముఖ్యమైనవి రెండు రకములు. మొదటి రకములో శరీరపు రక్షణ కణములు పొరపాటున బీటా కణముల మీదనే దాడి చేయును. ఇది తరచుగా పిల్లలలోను, యువకులలోను వచ్చును. రెండవ రకములో మొదట కండరములు, కాలేయము, కొవ్వు ఇన్సులిన్ మాటను సరిగా వినవు. ఎక్కువ బరువు, వ్యాయామము లేకుండుట, వంశపారంపర్యము దీనికి తోడ్పడును.

రెండవ రకములో ఒత్తిడి పాత్ర సులభముగానే అర్థమగును. ఇన్సులిన్ మాట వినని శరీరమునకు అదే పనికి ఎక్కువ ఇన్సులిన్ కావలెను. ఏండ్ల తరబడి బీటా కణములు రెండింతలు, మూడింతలు పని చేయును. చాలమందిలో అవి ఈ బరువును మోయగలవు. అందుచేతనే స్థూలకాయులందరికి మధుమేహము రాదు. కొందరిలో మోయలేవు. రక్తములో గ్లూకోజు, కొవ్వు ఆమ్లములు పెరుగును. అవి మరల ఒత్తిడిని పెంచును. పైగా, విషము వంటి ఆక్సిజన్ రూపములను విరుచు కేటలేజు మొదలైన ఎంజైములు బీటా కణములలో కాలేయములోకంటె చాల తక్కువ. కావున ఈ కణము కష్టజీవియే కాని, కవచము పలుచనైనది.

2003లో అమెరికా శాస్త్రజ్ఞులు మరణించినవారి క్లోమములను పరీక్షించి చూచిరి. మధుమేహము లేని స్థూలకాయులతో పోల్చగా, రెండవ రకము మధుమేహము గల స్థూలకాయులలో బీటా కణముల రాశి నూటికి 63 పాళ్ళు తక్కువ. మధుమేహము ఇంకను రాక, పరగడుపు చక్కెర మాత్రము కొంత ఎక్కువగా ఉన్న స్థూలకాయులలో కూడ 40 పాళ్ళు తక్కువ! అనగా వైద్యుడు మధుమేహమని పేరు పెట్టుటకు ముందే నష్టము చాలవరకు జరిగిపోయియున్నది.

మొదటి రకములో దాడి బయటినుండి వచ్చుచున్నట్లు కనబడును. కాని ఇటీవలి పరిశోధనలు బీటా కణము కేవలము నిరపరాధియైన బాధితుడు కాదని సూచించుచున్నవి. ఒత్తిడిలో ఉన్న కణము రూపుమారిన ప్రోటీనులను తన పొరమీద ప్రదర్శించి, రక్షణ కణముల దృష్టిని తనవైపు త్రిప్పుకొనవచ్చునని అనేకులు భావించుచున్నారు. దాడి చేయు కణములు విడుదల చేయు రసాయనములు మరల ఆ ఒత్తిడిని పెంచును.

చావా, సొమ్మసిల్లుటయా?

కణములు చచ్చినచో వానిని మరల తీసికొనివచ్చుట కష్టము. అయితే పని మానిన ప్రతి కణము చచ్చినట్లేనా? 2012లో కొలంబియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఎలుకలలో ఒక విశేషమును కనుగొనిరి. మధుమేహము వచ్చిన ఎలుకలలో అనేక బీటా కణములు చావలేదు. తమ ప్రత్యేకతను కోల్పోయి, ఇన్సులిన్ తయారు చేయుట మరచి, పిండదశలోని కణములవలె మారిపోయినవి. బరువు మోయలేని ఎద్దు చచ్చుట వేరు, కాడి దింపుకొని కూలబడుట వేరు. కూలబడినదానికి మేత పెట్టి విశ్రాంతి ఇచ్చినచో లేవవచ్చును.

ఈ ఆశ వట్టిది కాదు. చైనాలో క్రొత్తగా రెండవ రకము మధుమేహము బయటపడిన 382 మందిపై జరిగిన పరీక్ష ఫలితములు 2008లో వెలువడినవి. కొందరికి కొద్దికాలము ఇన్సులిన్ సూదిమందును గట్టిగా ఇచ్చి, చక్కెర అదుపులోనికి రాగానే ఆపివేసిరి. మరికొందరికి మాత్రలు ఇచ్చి అదే విధముగ ఆపిరి. సంవత్సరము తరువాత చూడగా, ఇన్సులిన్ పొందినవారిలో దాదాపు సగముమంది మందు లేకుండనే అదుపులో ఉండిరి. మాత్రలు పొందినవారిలో నాలుగవ వంతు కంటె కొంచెము ఎక్కువమంది మాత్రమే. బయటినుండి వచ్చిన ఇన్సులిన్ కణముల బరువును కొంతకాలము తాను మోసి వానికి విశ్రాంతి ఇచ్చినదని దీనికి చెప్పబడు కారణము. ఇన్సులిన్ సూది అనగానే రోగము ముదిరిపోయినదని భయపడువారు ఈ విషయమును గమనింపవలెను.

బ్రిటనులో జరిగిన మరియొక పరీక్ష ఫలితములు 2018లో లాన్సెట్ పత్రికలో ప్రకటింపబడినవి. మధుమేహము వచ్చి ఆరేండ్లు దాటనివారికి కొన్ని నెలలపాటు వైద్యుల పర్యవేక్షణలో దినమునకు సుమారు 850 కేలరీల ఆహారము మాత్రమే ఇచ్చి బరువు తగ్గించిరి. సంవత్సరము ముగియునప్పటికి వారిలో నూటికి 46 మంది మందులు లేకుండ మధుమేహపు గీతకు దిగువకు వచ్చిరి. మామూలు చికిత్స పొందినవారిలో నూటికి నలుగురు మాత్రమే అట్లు రాగలిగిరి.

మొదటి రకములో కూడ బీటా కణము మొండిదని ఋజువైనది. అమెరికాలోని బోస్టను నగరమున, 50 ఏండ్లకు పైగా ఈ రోగముతో జీవించినవారిని పరీక్షించిరి. వారిలో పలువురి రక్తములో స్వంత ఇన్సులిన్ తయారీకి గుర్తులు కనబడినవి. అర్ధశతాబ్దపు దాడిని తట్టుకొని కొన్ని కణములు బ్రతికియున్నవి!

కాపాడు మార్గములు

కణములను కాపాడుటకు శాస్త్రజ్ఞులు రెండు వైపులనుండి ప్రయత్నించుచున్నారు. ఒకటి దాడిని తగ్గించుట. టెప్లిజుమాబ్ అను మందు రక్షణ కణముల ఉద్రేకమును శాంతింపజేయును. మొదటి రకము మధుమేహము వచ్చు సూచనలు బలముగా ఉన్నవారిలో, అది రోగారంభమును సుమారు రెండేండ్లు వెనుకకు నెట్టినదని 2019లో తేలినది. 2022 నవంబరులో అమెరికాలో దానికి అనుమతి లభించినది.

రెండవది కణపు ఒత్తిడిని తగ్గించుట. రక్తపు పోటుకు చిరకాలముగా వాడబడుచున్న వెరపమిల్ అను మందు, బీటా కణములోనికి కాల్షియము అధికముగా ప్రవేశింపకుండ చేసి, కణమునకు హాని చేయు ఒక ప్రోటీనును తగ్గించును. క్రొత్తగా మొదటి రకము మధుమేహము వచ్చిన పిల్లలకు ఈ మందును ఇచ్చి చూడగా, సంవత్సరము తరువాత వారి స్వంత ఇన్సులిన్ తయారీ ఇతరులకంటె నూటికి 30 పాళ్ళు ఎక్కువగా నిలిచినదని 2023లో ప్రకటింపబడినది. ఇవన్నియు వైద్యుల చేతిలో ఉండవలసిన విషయములు. ఎవరును స్వంతముగా మందులు మార్చుట గాని, మానుట గాని ప్రమాదకరము. ముఖ్యముగా మొదటి రకము రోగులు ఇన్సులిన్ మానినచో ప్రాణమునకే ముప్పు.

ఇతరుల పుటికలను తెచ్చి నాటు పద్ధతి కూడ కలదు. 2000లో కెనడాలోని ఎడ్మంటను నగరమున ఏడుగురు రోగులు ఈ విధముగా ఇన్సులిన్ సూదినుండి విముక్తి పొందిరి. అయితే నాటిన కణములలో అనేకము మొదటి దినములలోనే నశించును. అనగా క్రొత్త కణములను తెచ్చినను, అవి ఒత్తిడిని తట్టుకొని బ్రతుకవలెను. సమస్య మరల మొదటికే వచ్చుచున్నది.

పెర్క్, చాప్ వంటి ప్రోటీనులను నేరుగా అదుపు చేయు మందుల కొరకు పరిశోధనలు సాగుచున్నవి. వానిలో చిక్కు ఏమనగా, రక్షించు కబురును, చంపు కబురును ఒకే తీగ మోయుచున్నది. తీగను పూర్తిగా కోసినచో వోల్కాట్-రాలిసన్ వ్యాధి గల బిడ్డకు జరిగినదే జరుగవచ్చును. కోయకుండ, శ్రుతి తప్పకుండ సవరించుట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానము కనుగొనువారు నేడు ఉన్నత పాఠశాలలో చదువుచున్న విద్యార్థులలోనే ఉండవచ్చును.

అంతవరకు చేయదగిన పని ఒకటి కలదు. అంచున ఉన్నవారిని ముందుగా గుర్తించుట. కణములు సొమ్మసిల్లినవే గాని చావని దశలో, బరువు తగ్గించుకొనుట, నడచుట, సకాలములో రక్తపరీక్ష చేయించుకొనుట వాని కాడిని తేలిక చేయును. ఒక్క గ్రాము బరువు గల ఆ కణములు జీవితమంతయు ఒక్క పూట సెలవు లేక పని చేయుచున్నవి. వాని బరువు తగ్గించుట, వానిని బ్రతికించుకొనుట మధుమేహముపై పోరాటములో మొదటి మెట్టు.